1972 ఎమ్‌జీబీలో కొత్త స్టీరియో: వైరు రంగుల్ని నమ్మొద్దు

నా బండి 1972 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, టాప్ దించుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. నేనుండే ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆ ఊరు పట్టుమని పది మైళ్లు లేదు. కొన్నప్పుడు కన్సోల్‌లో రెండు నాబ్‌ల పాత రేడియో ఉండేది, గరగర తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. పోయిన వేసవిలో దాని చోట బ్లూటూత్ స్టీరియో పెట్టాను. ఒక్క శనివారంలో అయిపోతుందనుకున్న పని మూడు శనివారాలు తినేసింది.

ముందు చూడాల్సింది బండి ఎర్త్, అంటే బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో. 1967 చివర్లో మార్క్ 2 (ఈ కారు రెండో రూపం) వచ్చేదాకా ఎమ్‌జీబీలు పాజిటివ్ ఎర్త్‌తో వచ్చాయి, అంటే బ్యాటరీ ప్లస్సే బాడీకి బిగించి ఉండేది. కొత్త స్టీరియో డబ్బా మైనస్. ఆ డబ్బా అలాంటి బండిలో ఇనప బ్రాకెట్‌కి తగిలితే అక్కడే షార్ట్. ప్లస్, మైనస్ తారుమారు చేసుకోవచ్చు గానీ, డైనమోని (బ్యాటరీ ఛార్జ్ చేసే పాత రకం జనరేటరు) కొత్త దిశకి మళ్లీ పోలరైజ్ చేయాలి, స్పార్కు ఇచ్చే కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చాలి, టాకోమీటరు (ఇంజన్ వేగం చూపేది) విప్పాలి. స్టీరియో జోలికి వెళ్లకముందే ఆ పని ముగించండి. ఏడాది చూసి ఊరుకోవద్దు, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. బ్యాటరీ ఏ కొస బాడీకి వెళ్తోందో కళ్లతో చూడండి. 1972 బండిలో సీట్ల వెనక మూత కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి. ఎర్త్ కొస విప్పాకే మిగతావి ముట్టుకోండి.

ఇక అసలు చిక్కు రంగులది. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో గోధుమరంగు వైరు ఎప్పుడూ లైవ్, దానికి ఫ్యూజు కూడా ఉండదు. ఊదా ఫ్యూజు దాటాక ఎప్పుడూ లైవ్. ఆకుపచ్చకి తాళం తిప్పితేనే కరెంటు. ఎరుపు సైడ్ లైట్లది. ఇప్పుడు కొత్త స్టీరియో వెనక వైర్ల జడ చూడండి: పసుపు ఎప్పుడూ లైవ్, ఎరుపు తాళంతో వచ్చే లైవ్, ఆకుపచ్చ, ఊదా ఏమో వెనక స్పీకర్లు! రంగుకి రంగు కలిపారో, 12 వోల్టులు నేరుగా ఆంప్లిఫయర్‌లోకి వెళ్తాయి. ఎరుపుకి ఎరుపు కలిపితే, లైట్లు వేస్తేగానీ పాట రాదు.

చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న అంబాసిడర్ రిపేరుకిచ్చినప్పుడు, ఎలక్ట్రీషియన్ చేతిలో మీటరు ఉండేది కాదు. హోల్డర్‌లో చిన్న బల్బు, రెండు వైర్లు, అంతే. అదెందుకో నాకు ఈ బండి చూశాకే అర్థమైంది. తుప్పు పట్టిన జాయింటు దగ్గర మల్టీమీటరు కూడా దర్జాగా 12 చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు లాగదు. 5 వాట్ల బల్బు పెడితే మిణుకుమంటుంది, రోగం బయటపడుతుంది. అందుకే బండి వైపు ప్రతి వైరునీ బల్బుతోనే చూడండి (ఈ పరీక్షకి మాత్రం బ్యాటరీ తగిలించాలి). స్టీరియో స్పీకర్ వైర్లకి మాత్రం బల్బు పెట్టొద్దు.

పసుపు వైరుని ఫ్యూజు బాక్సులో ఊదా వైపు నుంచి తీసుకున్నాను. అక్కడున్నది 35 ఆంపియర్ల ఫ్యూజు. సన్న వైరు కాలిపోయేదాకా అది ఎగిరిపోదు. కాబట్టి కరెంటు తీసుకున్న చోటే, జానెడు దూరంలో, 10 ఆంపియర్ల ఫ్యూజు వేరే పెట్టాలి. ఎరుపుని ఆకుపచ్చ నుంచి తీసుకుంటే సరిపోతుంది గానీ, ఒక మెలిక ఉంది. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి పాటలు వింటే, పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే చిన్న స్విచ్చి) మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ వేడెక్కిపోతుంది. అందుకని డ్యాష్ కింద మూడు కాళ్ల చేంజోవర్ స్విచ్చి ఒకటి పెట్టాను: మధ్య కాలు స్టీరియో ఎరుపుకి, ఒక పక్క ఆకుపచ్చ, రెండో పక్క ఊదా. రెండు లైవ్‌లూ ఎప్పుడూ ఒకదానికొకటి కలవవు. కలిస్తే తాళం తీసినా ఇంజన్ ఆగకపోవచ్చు. నల్ల వైరుకి బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించండి.

రెండో శనివారం స్పీకర్ల దగ్గర పోయింది. తలుపులో పాత స్పీకరు ఉంది కదా, దాన్నే వాడుకుందామనుకున్నా. ఆన్ చేయగానే తెర మీద ‘ప్రొటెక్ట్’ అని పడి ఆగిపోయింది. మూడుసార్లు అంతే. స్టీరియో కాల్చేశానని ఒకటే టెన్షన్. చివరికి తలుపు ప్యానెల్ ఊడదీసి టార్చి వేసి చూస్తే, స్పీకరు ఒక కాలి నుంచి జానెడు వైరు, దాని కొస తలుపు స్క్రూ కిందకి. పాత రేడియోలో అలా ఒక కొస బాడీకి ఇచ్చినా నడిచేది. కొత్తవాటిలో స్పీకరు రెండు కాళ్లూ దాదాపు 6 వోల్టుల దగ్గర ఉంటాయి, ఏదీ బాడీకి తగలకూడదు. ప్రతి స్పీకరుకీ స్టీరియో దాకా రెండేసి వైర్లు కొత్తగా లాగండి. స్పీకరు పైన ప్లాస్టిక్ షీటు గొడుగులా కట్టండి, ఈ తలుపుల్లోకి వాన దిగడం మామూలే.

జాయింట్లకి గుచ్చే నీలం క్లిప్పులు వద్దు, అవి పాత వైరు తీగల్ని కోసేస్తాయి. ఇంజన్ వేగంతో పాటు టకటక శబ్దం వస్తే, కాయిల్ ప్లస్ కాలికి 1 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి. పాయింట్ల వైపు కాలికి కాదు. పెద్ద ఆంప్లిఫయర్ మీద మోజు ఉంటే వదిలేయండి, నా బండి ఆల్టర్నేటరు ఇచ్చేదే 34 ఆంపియర్లు. రాత్రి వానలో హెడ్‌లైట్లూ వైపర్లూ కూడా దాని నుంచే.

అన్నీ బిగించాక, టాప్ దించి అబింగ్డన్ రోడ్డెక్కాను. గంటకి 50 మైళ్ల వేగం దాకా పాట బాగానే వినిపించింది. అది దాటాక గాలే.