ఉన్నట్టుండి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు, ఉద్యోగంలో సెలవు ఎలా చూసుకోవాలి?

మన గోదావరి వైపు దెబ్బ తగిలి క్యాజువాలిటీకి వచ్చినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "ఇంట్లో జారి పడ్డానండీ." పోలీసు గొడవ ఎందుకులే అని ఒకరు, యజమానికి మాటొస్తుందని ఇంకొకరు, బండి నడిపిన కుర్రాడికి లైసెన్సు లేదని మరొకరు అలా చెప్పేస్తారు. అది కేస్ షీట్లోకి ఎక్కిందంటే, తర్వాత రావాల్సిన డబ్బుకి చాలా దారులు మూసుకుపోతాయి. కాబట్టి మొదలు అక్కడే పెట్టాలి.

1. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయించండి

ముందు 108కి ఫోన్ చేయండి, అది ఉచితం. కాలువ గట్టు మీద పడినా, 216 హైవే మీద గుద్దుకున్నా, కొబ్బరి చెట్టు మీంచి జారినా డాక్టరుకి మూడు సంగతులు చెప్పాలి: ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం చేస్తుండగా. "చెయ్యి విరిగింది" అంటే చాలదు. "పొద్దుటి షిఫ్టులో, రొయ్యల ప్లాంటు గ్రేడింగ్ హాల్లో, తడి గచ్చు మీద జారి మణికట్టు విరిగింది" అని రాయించండి. ప్రమాదమైతే ఆసుపత్రి వాళ్లు పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు, అంటే ఎంఎల్‌సీ నమోదు చేస్తారు. ఆ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. రోడ్డు ప్రమాదమైతే పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ కాపీ కూడా కావాలి.

నాటు కట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కట్టు మంచిదా కాదా అన్న వాదనలోకి నేను పోను. కానీ దానికి ఎక్స్‌రే ఉండదు, బిల్లుండదు, మెడికల్ సర్టిఫికెట్ అసలే ఉండదు. నెల తర్వాత ఎముక వంకరగా అతుక్కుని ఆపరేషన్ అంటే, ఆ నెల మీరు ఉద్యోగానికి ఎందుకు రాలేదో చూపడానికి ఒక్క కాగితమూ దొరకదు.

2. అడ్వాన్సు కట్టేముందు అడగండి

బంగారం తాకట్టు పెట్టడానికి పరుగెత్తేముందు రిసెప్షన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. రేషన్ కార్డున్న కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. చాలామంది నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. నెట్‌వర్క్ ఆసుపత్రి (ఆ పథకంలో ఉన్నది) అయితే అక్కడ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఉంటుంది. రిసెప్షన్ వాళ్లు "ముందు డబ్బు కట్టండి, తర్వాత చూద్దాం" అన్నా సరే, ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్లండి. కార్డు ఇంట్లో ఉండిపోతే వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకోండి. ఏ ఆసుపత్రిలో ఉందో తెలియకపోతే 104కి ఫోన్ చేసి అడగొచ్చు. కాకినాడ, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ పెద్దాసుపత్రులు, అంటే జీజీహెచ్‌లు ఎలాగూ ఉన్నాయి.

రోడ్డు ప్రమాదాలకు 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి నడుస్తోంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, మనిషికి లక్షన్నర దాకా, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా చికిత్స. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసుల వైపు నుంచి ఖరారు కావాలి. "ఇంట్లో జారి పడ్డాను" అన్నవాళ్లకు ఈ దారి లేనట్టే.

ప్రైవేటు హెల్త్ పాలసీ ఉంటే చేరిన 24 గంటల్లోపు కంపెనీకి చెప్పేయండి. కొత్త పాలసీకి ఉండే 30 రోజుల నిరీక్షణ ప్రమాదాలకు వర్తించదు. "పాలసీ తీసుకుని వారమేగా, రాదు" అని ఏజెంటే అన్నా వదలకండి.

3. ఈఎస్ఐ ఉందేమో పే స్లిప్పులో చూడండి

జీతం నెలకు 21,000 లోపు ఉండి, స్లిప్పులో 0.75 శాతం కోత కనిపిస్తే మీకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, ఉన్నట్టే. రైస్ మిల్లుల్లో, రొయ్యల ప్లాంట్లలో చాలామందికి ఆ కోత ఎందుకో కూడా తెలియదు.

మొదట్లో చెప్పిన అబద్ధం ఖరీదు ఇక్కడ లెక్క తేలుతుంది. మామూలు జబ్బు అయితే ఈఎస్ఐ ఇచ్చేది రోజు సగటు జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. దానికి ముందు ఆరు నెలల్లో 78 రోజుల చందా (ఆ కోతే) కూడా పడి ఉండాలి. పనిలో తగిలిన దెబ్బ అయితే 90 శాతం, పని చేయలేనన్ని రోజులూ ఇస్తారు. చందా షరతు లేదు, మొన్ననే చేరినవాళ్లకూ వస్తుంది. రోజుకు 500 సంపాదించే మనిషికి ఒక దారిలో 350, ఇంకో దారిలో 450. ఇంటి నుంచి పనికి వెళ్తూ, వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనికీ దానికీ సంబంధం తేలితే, పనిలో దెబ్బగానే చూస్తారు.

యాజమాన్యం ప్రమాద నివేదిక పంపాలి. సూపర్‌వైజరు "చూద్దాంలే" అంటే మీరే రాసి ఇచ్చి, కాపీ మీద సంతకం చేయించుకోండి.

ఈఎస్ఐ లేని చోట పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. కార్మిక శాఖ దగ్గర రెండేళ్లలోపు అడగాలి. మేస్త్రి ఇచ్చిన ఐదు వేలు తీసుకుని, ఏముందో చదవకుండా తెల్లకాగితం మీద వేలిముద్ర వేయకండి.

4. సెలవు నోటితో కాదు, రాతతో అడగండి

ఫోన్లో "రాలేనండీ" అంటే రేపు ఎవరికీ గుర్తుండదు. మొదటి రోజే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నాలుగు ముక్కలు పంపండి: "నిన్న సాయంత్రం రావులపాలెం దగ్గర ప్రమాదం జరిగి కాలు విరిగిందండీ. ఆసుపత్రిలో ఉన్నాను. డాక్టరు ఆరు వారాలు విశ్రాంతి అన్నారు. సర్టిఫికెట్ జత చేస్తున్నాను, సెలవు మంజూరు చేయగలరు." సెలవు పొడిగించాల్సి వస్తే పాతది ముగియకముందే కొత్త సర్టిఫికెట్ పంపాలి.

దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఆంధ్రప్రదేశ్ 1988 చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 20 రోజుల అర్ధజీతపు సెలవు జమ అవుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద రెండు రోజులు ఖర్చు పెట్టి ఒక రోజు పూర్తి జీతం తీసుకోవచ్చు. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పదు.

5. బిల్లులు దాచండి, గడువులు చూసుకోండి

మందుల షాపు రసీదు మీద అక్షరాలు కొన్నాళ్లకి చెరిగిపోతాయి. ఏ రోజుది ఆ రోజే జిరాక్స్ తీయించండి. బిల్లు రోగి పేరు మీదే ఉండాలి, కొనుక్కొచ్చిన బావమరిది పేరు మీద కాదు. అసలు బిల్లులు ఇన్సూరెన్స్ కంపెనీకీ కావాలి, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకునే ముఖ్యమంత్రి సహాయ నిధికీ కావాలి. రెండు చోట్లా ఇవ్వలేరు కాబట్టి ఏది ముందో తేల్చుకోండి.

ఎదుటి బండి తప్పుంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో 6 నెలల్లోపు కేసు వేయాలి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు కోస్తున్నారేమో పాస్‌బుక్కులో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఆసుపత్రి బిల్లుకి పనికిరాదు గానీ కన్నో, కాలో, చెయ్యో పోతే లక్ష, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు ఇస్తుంది. కొబ్బరి దింపు తీసేవాళ్లకు కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమా వేరుగా ఉంది, అయితే అది చెట్టెక్కకముందే తీసుకోవాల్సింది.

బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తేలకపోతే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి ఆయన. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, యానాం వాళ్లకీ అదే ఆఫీసు.