మీ ఫోన్ నంబర్, ఆధార్, వేలిముద్ర ఊరంతా తిరగకుండా చూసుకోవడం ఎలా?

కిందటేడు ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు ఓపెన్ ప్లాట్ల స్టాల్ దగ్గర లక్కీ డ్రా కూపన్ నింపమన్నారు. నంబర్ నిజమే ఇచ్చాను గానీ పేరు దగ్గర 'వంకాయల రావు' అని రాశాను. నా పేరు అది కాదు, మా చుట్టాల్లో కూడా ఎవరికీ ఆ పేరు లేదు. మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే ఫోన్. "వంకాయల రావు గారేనా సార్? మీకు ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఉంది సార్." కోపం రావాలి కదా, నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే నా నంబర్ ఎక్కడి నుంచి జారిందో మొదటిసారి పక్కాగా తెలిసింది.

ఇలాంటివి చెప్తే అందరూ అడిగేది ఒకటే: దీనికి చట్టం లేదా? ఉంది. దాని సంగతి కింద చెప్తాను, కానీ చట్టం చాలావరకు దొంగతనం జరిగాక వచ్చే పోలీసులాంటిది, తలుపుకి గడియ పెట్టుకోవాల్సింది మనమే. కాబట్టి ముందు గడియల పని చూద్దాం.

1. ఎవరు అమ్ముకున్నారో తెలిసేలా గుర్తు పెట్టండి

వంకాయల రావు పద్ధతి అదే. కూపన్లు, మాల్ మెంబర్‌షిప్ కార్డులు, వెబినార్ రిజిస్ట్రేషన్లు, ఇలా మీ అసలు పేరుతో పనిలేని ప్రతిచోటా పేరు కొంచెం మార్చి ఇవ్వండి, ఎక్కడ ఏ పేరు ఇచ్చారో ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. జీమెయిల్ వాడేవాళ్లకు ఇంకా సులువు. మీ ఐడీలో 'ఎట్' గుర్తుకి ముందు ప్లస్ పెట్టి షాపు పేరు చేర్చినా మెయిల్ మీకే వస్తుంది, ఎవరికి ఇచ్చిన అడ్రస్‌కి వచ్చిందో కూడా అక్కడే కనబడుతుంది. బ్యాంకు, ఆసుపత్రి, ఇన్సూరెన్స్, ప్రభుత్వ ఆఫీసుల దగ్గర మాత్రం ఈ తమాషాలు వద్దు, తర్వాత క్లెయిమ్ దగ్గర మీరే ఇరుక్కుంటారు.

బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లో "నంబర్ చెప్పండి మేడమ్" అన్నప్పుడు "వద్దండీ, నంబర్ లేకుండా బిల్ వేయండి" అనడం నేర్చుకోవాలి. సిస్టమ్ తీసుకోదండీ అంటారు. తీసుకుంటుంది. నంబర్ ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టడం తప్పని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే చెప్పింది. వెనక క్యూ పెరుగుతుంటే మొహమాటంతో చెప్పేస్తాం, అది వేరే విషయం.

2. జిరాక్స్ షాపులో ఆగండి

ఆన్‌లైన్ ప్రైవసీ గురించి రాసేవాళ్లు పాస్‌వర్డులు, హ్యాకర్ల గురించి రాస్తారు గానీ మన ఊళ్లలో అసలు లీకు జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఉంటుంది. ఎప్పుడైనా ఆ స్క్రీన్ చూశారా? వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటుంది, వరసగా ఎవరెవరి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి మెమో. మనం పంపిన పీడీఎఫ్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడుతుంది, ప్రింట్ తీసుకుని పది రూపాయలు ఇచ్చి వచ్చేస్తాం, ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది. వాట్సాప్‌లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టినా డౌన్‌లోడ్ అయిన కాపీ పోదు.

కాబట్టి ప్రింట్ చేతికొచ్చాక "అన్నా, ఆ ఫైల్ ఒకసారి డిలీట్ చేసెయ్యవా, రీసైకిల్ బిన్‌లో కూడా" అని అక్కడే నిలబడి చేయించండి. నేను అడిగితే ఇంతవరకు ఎవరూ కాదనలేదు, వింతగా చూశారంతే.

ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ వెబ్‌సైట్లో ఓటీపీతో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'మాస్క్డ్' అన్న గడిలో టిక్ పెడితే 12 అంకెల్లో మొదటి 8 కనబడకుండా వస్తుంది. హోటల్ రూముకి, ఇంటి అద్దెకి అది చాలు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం 'ఆధార్ జిరాక్సులు ఇవ్వకండి, మాస్క్డ్ వాడండి' అని ప్రకటన ఇచ్చి, జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయింది, సలహా మాత్రం మంచిదే. ఇచ్చే కాపీ మీద అడ్డంగా గీత గీసి, ఎవరికోసం, ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో పెన్నుతో రాసి సంతకం పెట్టండి. ముఖం మీదా, అంకెల మీదా కొంచెం పడేలా రాయాలి, పక్కన ఖాళీలో రాస్తే ఎవడైనా కత్తిరించేస్తాడు.

3. వేలిముద్రకు తాళం వేయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డిస్ట్రిబ్యూటర్‌ను పట్టుకున్నారు. అతను చేసింది ఏమిటంటే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి జనం ఆస్తి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకయ్యా అంటే కంపెనీ ఇచ్చిన టార్గెట్ల కోసం! ఆ తర్వాత ఇదే కిటుకుని డబ్బు లాగడానికి వాడినవాళ్లు బయలుదేరారు. ఊళ్లలో మైక్రో ఏటీఎం దగ్గర ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసుకుంటాం చూడండి, దానికి ఓటీపీ అక్కర్లేదు. దస్తావేజులో ఆధార్ నంబరూ, వేలిముద్రా పక్కపక్కనే ఉంటే వాడికి ఇంకేం కావాలి?

తాళం వేయడానికి ఐదు నిమిషాలు చాలు. మైఆధార్ వెబ్‌సైట్లోకో ఆధార్ యాప్‌లోకో వెళ్లి 'లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్' నొక్కితే సరిపోతుంది. ఆధార్‌కి మీ మొబైల్ నంబర్ లింక్ అయి ఉండాలి, లేకపోతే ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్లి ఆ పని చూసుకోండి. లాక్ చేశాక మీ వేలిముద్రతో గానీ కంటిపాపతో గానీ ఎవరూ ఆధార్ ధృవీకరణ చేయలేరు. ఓటీపీ మాత్రం మామూలుగానే పనిచేస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా అమ్మ ఆధార్‌కి లాక్ వేసి ఆవిడకి చెప్పడం మర్చిపోయాను. నెల మొదట్లో రేషన్ షాపుకి వెళ్తే వేలు ఎన్నిసార్లు పెట్టినా పడలేదు, డీలర్ "పెద్దమ్మా, చేతులు కడుక్కుని రా" అన్నాడట, ఆవిడ రెండుసార్లు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టిందట. ఇంటికొచ్చి "వయసైపోయింది, గీతలు అరిగిపోయాయి రా" అని దిగులుగా కూర్చుంటే అప్పుడు నాకు లాక్ సంగతి గుర్తొచ్చింది. మెషీన్లో 330 అని ఎర్రర్ కోడ్ వస్తే అది లాక్ వల్లే. యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే 10 నిమిషాలు తెరుచుకుని మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. ఇంట్లో పింఛను, రేషన్ తీసుకునే పెద్దవాళ్లుంటే ఈ అన్‌లాక్ ఎవరు చేస్తారో తేల్చుకున్నాకే లాక్ వేయండి. వేలిముద్ర అవసరమే రానివాళ్లు మాత్రం ఈ రోజే వేసేయొచ్చు.

అదే సైట్లో గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎవరెవరు ఎప్పుడు వాడారో హిస్టరీ కూడా కనబడుతుంది. మీకు తెలియనివి ఉంటే 1947కి ఫోన్ చేయండి.

4. మీ పేరు మీద ఏమేం ఉన్నాయో చూసుకోండి

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో వస్తాయి. మీది కానిది ఉంటే 'నాట్ మై నంబర్' నొక్కండి. అప్పుల సంగతికి క్రెడిట్ రిపోర్ట్ చూడాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, మన అప్పుల లెక్కలు దాచే ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఉచితం అన్న లింకు ఎక్కడో మూల చిన్నగా ఉంటుంది, ఓపిగ్గా వెతకండి.

5. ఫోన్లో పర్మిషన్లు తీసేయండి

2020 డిసెంబరులో హైదరాబాద్ చుట్టుపక్కల లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు చదివినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అప్పు ఐదు వేలు, పదివేలు. కానీ యాప్ మొదటి రోజే కాంటాక్టుల లిస్టు లాగేసుకుంది. తర్వాత మేనమామకీ, ఆఫీసులో మేనేజర్‌కీ, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నవాళ్లకీ మెసేజీలు వెళ్లాయి. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు కట్టడి చేసింది, అప్పిచ్చే యాప్‌లు మీ కాంటాక్టులు, ఫోటోలు, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. 2023లో గూగుల్ ప్లే స్టోర్ కూడా కాంటాక్టులు, ఫోటోలు తీసుకునే పర్సనల్ లోన్ యాప్‌లను నిషేధించింది. ఇప్పుడు వచ్చేవి వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్లో ఎక్కించుకునే యాప్ ఫైలు) వస్తాయి, వాటికి ఈ రూల్స్ ఏవీ పట్టవు. ఎంత అవసరమున్నా ఏపీకే ఇన్‌స్టాల్ చేయకండి. రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో అనుమతి ఉన్న సంస్థల యాప్‌ల జాబితా ఉంది, అప్పు తీసుకునేముందు పేరు అందులో ఉందో లేదో చూడండి.

మిగతా యాప్‌లకు ఫోన్ సెట్టింగ్స్‌లో 'పర్మిషన్ మేనేజర్' తెరిచి, కాంటాక్ట్స్ అన్నది నొక్కి, ఆ జాబితా చదవండి. టార్చ్‌లైట్ యాప్‌కి మీ అత్తగారి నంబరుతో ఏం పని?

6. ఇప్పుడు చట్టం సంగతి

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. చట్టం (డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది, 2023 ఆగస్టులో వచ్చింది. దాని రూల్స్ రావడానికి 2025 నవంబరు దాకా ఆగాల్సొచ్చింది. ఆ నోటిఫికేషన్ లెక్కలో కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలయ్యేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో. మధ్యలో, 2023 ఏప్రిల్‌లో, సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ నుంచి డేటా అమ్ముతున్న ఒకతన్ని పట్టుకుంటే అతని దగ్గర 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు ఉన్నాయని చెప్పారు. చట్టం నడక అదీ, వ్యాపారం పరుగు ఇదీ.

అయినా చట్టంలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి, అవీ ఆ గడువు తర్వాతే అనుకోండి. మీ దగ్గర ఉన్న నా వివరాలేమిటో చెప్పమని కంపెనీని అడగొచ్చు, సరిచేయమనొచ్చు, తీసేయమనొచ్చు. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోవచ్చు. సమ్మతి అడిగే కాగితం తెలుగులో కావాలంటే ఆ వీలూ కల్పించాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషలన్నిటికీ అది వర్తిస్తుంది. డేటాకి సరైన రక్షణ పెట్టని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు.

కానీ ఆ 250 కోట్లు ప్రభుత్వ ఖజానాకి వెళ్తాయి, డేటా పోయిన మీకు పైసా రాదు. పైగా పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం అడిగే సెక్షన్ 43ఏ ఉంటే, దాన్ని తీసేయడానికి ఈ చట్టంలోనే రాసుకున్నారు. కేంద్రం తన సంస్థల్లో కావాల్సినవాటిని చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. ఇక తప్పుడు ఫిర్యాదు చేస్తే పదివేల దాకా జరిమానా మన మీదే. యూరప్‌లో ఇలాంటి చట్టం 2018 మే నుంచి నడుస్తోంది, 2023లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా మీద 120 కోట్ల యూరోల జరిమానా పడింది, అయినా మెటా దుకాణం కట్టేయలేదు. నా లెక్కలో ఏ చట్టమూ లీకుని ఆపలేదు, లీకు చేసినవాడికి ఖర్చు పెంచుతుంది. ఆ ఖర్చు పెరగాలంటే మనం అడగాలి.

7. అడగడం ఎలా

కంపెనీ వెబ్‌సైట్ అడుగున 'ప్రైవసీ పాలసీ' తెరిచి 'గ్రీవెన్స్ ఆఫీసర్' అని వెతకండి. ఆ పేరూ మెయిలూ పెట్టాలని 2011 నాటి ఐటీ నిబంధనల్లోనే ఉంది. మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు, తెలుగులో రాసినా ఫర్వాలేదు:

"అయ్యా, నా నంబర్ ఫలానా. ఫలానా తేదీన, ఫలానా చోట మీకు ఇచ్చాను. మీ దగ్గర ఉన్న నా వివరాలేమిటి, అవి ఎవరెవరికి ఇచ్చారు, తెలపగలరు. నా సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను. వివరాలు తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా చెప్పండి."

స్క్రీన్‌షాట్లు జతచేయండి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ దాచుకోండి, రేపు ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే డేటా ప్రొటెక్షన్ బోర్డుకి వెళ్లాలన్నా ముందు కంపెనీని అడిగినట్టు చూపించాలి. స్పామ్ కాల్స్‌కి 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్, అంటే ప్రకటనల కాల్స్ వద్దని నమోదు) పెట్టించుకోండి, పెట్టాక కూడా వస్తే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. డబ్బే పోతే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపగలగాలి కాబట్టి ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తూ గంటలు గడపకండి.

నేను ఆ ప్లాట్ల వాళ్లకి మెయిల్ పెట్టాను. ఇరవై రోజులకి రెండు లైన్ల జవాబొచ్చింది. "ప్రియమైన వంకాయల రావు గారికి, మీ వివరాలు మా రికార్డుల నుంచి తొలగించబడ్డాయి." తర్వాతి వారం ఇంకో ఫోన్. ఈసారి వేరే ఊళ్లో, వేరే వెంచర్.