గుండె చుట్టూ నీరు – 3వ పాఠం: బీపీ మిషన్‌తో టాంపొనేడ్‌ను పట్టుకోవడం

ఎకోలో (గుండె స్కానింగ్) నీటి మందం 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ నీరున్నట్టని గత పాఠంలో చూశాం. కానీ ప్రాణం మీదికి తెచ్చేది నీరు ఎంతుందన్నది కాదు, ఎంత వేగంగా చేరిందన్నది. గుండె సంచిలో మామూలుగా 15–50 మి.లీ. ద్రవం ఉంటుంది. కత్తిపోటు వల్లో, స్టెంట్ వేసేటప్పుడు రక్తనాళం చిల్లుపడో 150–200 మి.లీ. రక్తం నిమిషాల్లో చేరితే గుండె నలిగిపోతుంది. ఇలా గుండె నలగడాన్నే టాంపొనేడ్ అంటారు. క్షయ, క్యాన్సర్, థైరాయిడ్ లోపం, కిడ్నీ జబ్బుల్లో వారాల తరబడి మెల్లగా చేరుతుంది కాబట్టి సంచి సాగుతుంది. లీటరు నీరున్న మనిషి కూడా నడిచొస్తాడు. మన దేశంలో నీరు బాగా ఎక్కువగా కనిపిస్తే ముందు క్షయను అనుమానించండి.

గుండె నలుగుతోందా లేదా అన్నది చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్‌తో తెలుసుకోవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు కుడి గదుల్లోకి రక్తం ఎక్కువ వస్తుంది. బయట నీరు బిగించి ఉంటే అవి అటు ఉబ్బలేక మధ్యగోడను ఎడమకు నెడతాయి. ఎడమ గదిలో చోటు తగ్గి, పై బీపీ పడిపోతుంది. దీన్నే పల్సస్ పారడాక్సస్ అంటారు.

రోగిని 30–45 డిగ్రీల వాలుగా పడుకోబెట్టండి. గట్టిగా ఊపిరి తీయమనకండి. మామూలు శ్వాస చాలు. పై బీపీ కంటే 20 ఎక్కువకు గాలి కొట్టి, చాలా నెమ్మదిగా, సెకనుకు 2 మి.మీ. మించకుండా వదలండి. స్టెతస్కోప్‌లో మొదట చప్పుడు ఊపిరి వదిలేటప్పుడే వినిపించి, పీల్చగానే మాయమవుతుంది. ఆ అంకె రాసుకోండి. ఇంకా దించుతూ పోతే ఒకచోట రెండు వేళలా ప్రతి కొట్టుకూ చప్పుడు వస్తుంది. అదీ రాసుకోండి. మొదటిది 112, రెండోది 94 అయితే తేడా 18. తేడా 10 దాటితే మామూలు కాదు.

ఎక్కువమంది తప్పేది గాలి వదిలే వేగం దగ్గరే. చర్రున వదిలితే రెండు అంకెలూ ఒకటిగానే వినిపిస్తాయి. ఆటోమేటిక్ మిషన్ ఇందుకు పనికిరాదు. గుండె లయ తప్పి ఉంటే ఈ లెక్కను నమ్మలేం. తీవ్రమైన ఆస్తమాలో నీరు లేకపోయినా తేడా పెరుగుతుంది. బీపీ బాగా పడిపోయినా, బృహద్ధమని కవాటం లీకవుతున్నా, టాంపొనేడ్ ఉండి కూడా తేడా కనిపించకపోవచ్చు. కాబట్టి తేడా లేదన్న ఒక్క కారణంతో రోగిని వదిలేయకండి: మెడ నరాలు ఉబ్బి, నాడి వేగంగా కొట్టుకుంటూ, బీపీ పడుతుంటే వెంటనే ఎకో తీయించండి.

టాంపొనేడ్ అని తేలితే నీరు తీయడమే వైద్యం. ఆయాసం చూసి, కాళ్ల వాపు చూసి లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) ఇవ్వడం ఇక్కడ ఘోరమైన పొరపాటు. సిరల్లోని ఒత్తిడే ఆ గుండెను నింపుతోంది, మందు దాన్నే తగ్గిస్తుంది. బీపీ తక్కువగా ఉంటే 250–500 మి.లీ. సెలైన్ ఎక్కిస్తూ, సూదితో నీరు తీయడానికి ఏర్పాట్లు చేయాలి. వెంటిలేటర్ పెట్టడాన్ని కూడా వీలైనంత వరకు నీరు తీసేదాకా ఆపాలి. అది ఛాతీలోకి నెట్టే గాలి ఒత్తిడికి గుండెకు వచ్చే రక్తం తగ్గి, కొన్నిసార్లు గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది.

సూది ఎక్కడ, ఏ కోణంలో గుచ్చాలో 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా ఆరోగ్యంగా ఉన్న పదిమందికి ఈ కొలత తీయండి. ఎవరికైనా తేడా 10 దాటితే, గాలి ఇంకా మెల్లగా వదులుతూ మళ్లీ కొలవండి.