మొల లోతు అంటే ఎన్ని సెంటీమీటర్లు?

డిగ్రీ పిల్లల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులు ఎలా తయారవుతాయో మనకు తెలియనిది కాదు, జిరాక్స్ షాపులో సీనియర్ల ఫైలు దొరికితే పేర్లు మార్చి బైండింగ్ చేయించేస్తారు. కాస్త హుషారైన సైన్సు బ్యాచ్ అయితే నీళ్ల పీహెచ్ కొలిచి, అట్ట మీద ఓ పద్యం వేసి "సాహిత్యాన్నీ సైన్సునీ కలిపాం సార్" అంటారు. ఆ పద్యం తీసేస్తే లోపల ఒక్క అంకె కూడా మారదు, ఇంక కలిపిందేంటి? మనుషుల మాట సరిగ్గా వినకపోతే కొలతే తప్పిపోయే పని ఎంచుకోండి. విజయవాడలో ఉన్నవాళ్లకు అలాంటిది ఇంటి ముందే ఉంది: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు మీ వీధిలో ఎక్కడిదాకా వచ్చాయో మ్యాప్ గీయడం.

ముందు రెండు వరదల్ని విడదీసుకోండి, జనం మాటల్లో అవి కలిసిపోతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది కృష్ణలో, అంటే సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైనే. సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి వచ్చింది మాత్రం బుడమేరు. మామూలుగా దాని వరదని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు, కానీ కృష్ణే నిండుగా ఉంటే అది ఎక్కడికి పోతుంది? పైగా ఆ మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి.

ఇంకో ముగ్గురు నలుగురిని కూడగట్టుకోండి. తెలుగు, హిస్టరీ చదివేవాళ్లు ఇద్దరైనా తప్పకుండా ఉండాలి, అడగడం వాళ్లకి వచ్చినంత బాగా మన ఫిజిక్స్ వాళ్లకి రాదు, నాతో సహా. ఫోన్‌లో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి, రిపోర్టులో పేర్లు వేయొద్దు. వెళ్లగానే "నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయండీ?" అనకండి. "మామ్మగారూ, ముందు ఏం పైకెత్తారు?" అని అడిగి చూడండి. మంచం మీద స్టూలు, స్టూలు మీద గ్యాస్ స్టవ్, అది కూడా తడిసిందా లేదా, ఇలా వస్తుంది జవాబు. మంచం ఇంకా ఇంట్లోనే ఉంటుంది, కొలుచుకోండి.

తేదీలు కూడా అంతే. మామ్మగారు "పోలాల అమావాస్య ముందు రోజు పొద్దున్న" అంటే కొట్టిపారేయకండి, పంచాంగం తీయండి. ఆ ఏడు అమావాస్య సెప్టెంబరు 2 సోమవారం, అంటే ఆమె చెప్పేది ఆదివారం 1వ తేదీ. వేరొకరు "చవితికి ముందు ఆదివారం" అంటారు, చవితి 7న, కాబట్టి రెండూ ఒకటే రోజు.

ఇక అసలు చిక్కు లోతు దగ్గర. మనవాళ్లు మోకాలి లోతు, మొల లోతు, పీకల్లోతు అంటారు గానీ అడుగుల్లో చెప్పరు. మేం మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. మొల లోతంటే 90 సెంటీమీటర్లు, చాతీ లోతంటే 125 అని గుండుగుత్తగా రాసేసుకున్నాం. తీరా గ్రాఫ్ గీస్తే, ఎదురెదురు ఇళ్ల మధ్య నీళ్లు అడుగు ఎత్తున గోడ కట్టుకుని నిలబడ్డట్టు వచ్చింది! నిలిచిన నీళ్లు అంత దగ్గర్లో అలా ఉండవు కదా, ఎవరో ఒకరు తప్పు చెప్పారనుకుని ఒక ఇల్లు కొట్టేయబోయాం. మా గుంపులో హిస్టరీ అమ్మాయి ఒప్పుకోలేదు, మళ్లీ వెళ్లి "అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు మామ్మగారూ?" అని అడిగింది. "ఇదిగో, ఈ అరుగు మీదే" అంది ఆవిడ. అరుగు 42 సెంటీమీటర్లు, ఆవిడ మొల దాకా 84. మొత్తం 126. ఎదురింటాయన రోడ్డు మీద నిలబడి చెప్పాడు, మనిషి పొడగరి, చాతీ దాకా 128, అటువైపు నేల మూడు సెంటీమీటర్లు పల్లం, అది తీసేస్తే 125. తేడా ఒక్క సెంటీమీటరు. ఇద్దరూ నిజమే చెప్పారు, మేమే అడగలేదు.

కాబట్టి ఎవరు చెప్పారో వాళ్లనే టేపుతో కొలవండి (ఆడవాళ్లని అమ్మాయిలు కొలిస్తే ఇబ్బంది ఉండదు), ఎక్కడ నిలబడ్డారో అదీ రాసుకోండి.

నేల ఎత్తుపల్లాలకు ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి పారదర్శక పైపు ఓ పదిహేను మీటర్లు కొని, కాస్త సిరా కలిపిన నీళ్లు పోయండి. రెండు చివర్లలో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి, ఆ మట్టం నుంచి నేలకి రెండు వైపులా కొలిస్తే వచ్చే తేడాయే పల్లం. లోపల గాలి బుడగ ఒక్కటి ఉన్నా లెక్క పోతుంది, మాకు ఒక పూటంతా అలాగే పోయింది. కదలని గుర్తు ఒకటి, కల్వర్టు పైభాగం లాంటిది, సున్నాగా పెట్టుకుని అన్నీ దాని నుంచే లెక్కేయండి.

గోడ మీద మచ్చల్ని నమ్మే ముందు ఒక మాట. ఇటుక గోడ నీళ్లు పీలుస్తుంది, చెమ్మ వరద మట్టం దాటి పైకి పాకుతుంది, అందుకని రంగు పెచ్చులూడిన గీత ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. పీల్చుకోని వాటి మీద, అంటే షట్టరు, టైల్స్, కిటికీ అద్దం మీద మిగిలిన బురద గీత వెతకండి. అది దొరికిన ఇంట్లో మనిషి చెప్పిన లోతుతో పోల్చుకుంటే జ్ఞాపకం ఎంతవరకు సరిపోతోందో కూడా తేలుతుంది.

ఊరి పేర్లని కూడా వదలకండి. లంక అంటే నది మధ్య మేట, కృష్ణలంకకు ఆ పేరు ఊరికే రాలేదు. మీ పేటలో దిబ్బ, చెరువు, కట్ట అని పెద్దవాళ్లు ఇప్పటికీ పిలిచే చోట్లుంటే మ్యాప్ మీద వేసి, పైపుతో కొలిచిన ఎత్తులతో కలిసిందో లేదో చూడండి. కలవకపోతే ఇంకా మంచిది, చెరువు ఎప్పుడు పూడ్చారో అడగడానికి మళ్లీ వెళ్లొచ్చు.

రిపోర్టులో ఒక గడిలో వాళ్ల మాట ఉన్నదున్నట్టు, పక్క గడిలో సెంటీమీటర్లు, మూడో గడిలో ఎంత అటూఇటూ కావచ్చో రాయండి. ఒక కాపీ ఆ వీధిలో ఇచ్చి రండి. మేం ఇచ్చినప్పుడు మామ్మగారు ముందు తన అరుగు ఎక్కడుందో వెతుక్కుని, రెండు ఇళ్లవతల ఒక అంకె మీద వేలు పెట్టి "ఇది తప్పు, వాళ్లు అప్పుడు మేడ మీదున్నారు" అంది.