గ్రంథాలయ కార్యక్రమం కబురు జనానికి చేరాలంటే

పోస్టర్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ పొరపాట్లు అక్కడే. ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 × 1350 పిక్సెళ్ల నిలువు బొమ్మ బాగుంటుంది. ఏమిటి, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ: ఈ నాలుగూ పెద్దక్షరాల్లో. "ఈ శనివారం" అని మాత్రం రాయకండి. ఆ బొమ్మ రెండు వారాల తర్వాత కూడా ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. పాపం, ఎవరో ఒకరు వచ్చి తాళం వేసిన తలుపు చూసి వెళ్తారు. తేదీ, వారం రెండూ వేయండి. అదంతా క్యాప్షన్‌లోనూ టైపు చేయాలి, బొమ్మలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) సరిగ్గా చదవలేకపోవచ్చు. రిజిస్ట్రేషన్ లింకు మాత్రం ప్రొఫైల్‌లో పెట్టండి; క్యాప్షన్‌లో పెడితే నొక్కినా తెరుచుకోదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో (ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే జాబితా) ఒక మెలిక ఉంది. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. సభ్యత్వ కార్డు ఇచ్చేటప్పుడే కౌంటర్ దగ్గర సేవ్ చేయించండి.

వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి చెబితే చాలు. లైకులు లెక్కేసి కుర్చీలు వేయకండి, లైకు కొట్టడానికి ఇల్లు కదలక్కర్లేదు కదా!

పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో కనబడే ఫొటో అసలే వద్దు.