సైనిక జోక్యానికి అనుమతి ఉందా లేదా: భద్రతా మండలి తీర్మానాన్ని చదివే పద్ధతి

ఒక దేశం మరో దేశం మీద బాంబులు వేస్తూ ‘అక్కడి ప్రజలను కాపాడటానికే’ అంటే, ఉద్దేశాల చర్చ తర్వాత పెట్టుకోండి. ముందు కాగితం చూడండి. ఐక్యరాజ్య సమితి చార్టర్‌లోని 2(4) అధికరణ బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. దానికి చార్టర్‌లో ఉన్న మినహాయింపులు రెండే: 51వ అధికరణ కింద ఆత్మరక్షణ, 7వ అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. అక్కడి ప్రభుత్వమే సైన్యాన్ని పిలిస్తే అది వేరే లెక్క. మానవ హక్కుల ఉల్లంఘన మూడో మినహాయింపు కాదు. ప్రభుత్వం తన ప్రజలను కాపాడలేకపోతే ప్రపంచం ముందుకు రావాలనే ‘కాపాడే బాధ్యత’ను ఒప్పుకున్న 2005 సమితి శిఖరాగ్ర సభ పత్రం కూడా 139వ పేరాలో బలప్రయోగాన్ని మండలికే వదిలింది.

ఆత్మరక్షణ అంటున్నారా? 51వ అధికరణ ప్రకారం ఆ సంగతి వెంటనే మండలికి తెలపాలి. ఆ లేఖ పంపారా, అందులో ఏ దాడిని కారణంగా చూపారు అన్నది వెతకండి.

మండలి అనుమతి అంటే మాత్రం తీర్మానం నంబరు తెలుసుకుని మూలపాఠం తెరవాల్సిందే. సాధనకు, లిబియా పాలకుడు గడాఫీపై తిరుగుబాటు నడుస్తుండగా 2011 మార్చి 17న ఆ దేశంపై వచ్చిన 1973వ తీర్మానాన్ని మించినది లేదు.

మొదట ఓట్లు. 15లో 9 రావాలి, శాశ్వత సభ్యదేశం (అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనా) ఏదీ వ్యతిరేకించకూడదు. దీనికి 10 వచ్చాయి. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. శాశ్వత సభ్యదేశం దూరంగా ఉంటే అది వీటో కాదు.

పీఠికను వేగంగా చదివేయండి, దాని చివర ‘7వ అధ్యాయం కింద’ అన్న మాట ఉందో లేదో మాత్రం చూసుకోండి. అసలు సరుకు అంకెలు వేసిన పేరాల్లో ఉంటుంది. ఇక్కడ కీలకం 4వ పేరా. దాన్ని ముక్కలుగా విడగొట్టండి. ఎవరికి అనుమతి? ప్రధాన కార్యదర్శికి తెలియజేసిన సభ్యదేశాలకు. ఏం చేయడానికి? ‘అవసరమైన అన్ని చర్యలూ’ తీసుకోవడానికి. సైనిక బలానికి మండలి వాడే మాట ఇదే. దేనికోసం? దాడి ముప్పున్న పౌరులను, జనావాసాలను కాపాడటానికి. ఏది కూడదు? ఏ రూపంలోనైనా విదేశీ ఆక్రమణ సేన.

చాలామంది కళ్లు జారిపోయే ముక్క ఒకటి అదే పేరాలో ఉంది: ‘1970వ తీర్మానం 9వ పేరా ఉన్నప్పటికీ’. ఆ 9వ పేరా లిబియాపై ఆయుధ నిషేధం. తిరుగుబాటుదారులకు ఆయుధాలు అందించడాన్ని సమర్థించిన వాళ్లు పట్టుకున్నది ఈ కొసనే. ఇంకో తీర్మానం అంకె కనిపిస్తే దాన్నీ తెరవకుండా ముందుకు పోవద్దు.

తర్వాత గడువు వెతకండి. 1973వ తీర్మానంలో లేదు. గడువు లేని అనుమతిని మండలి ఆపాలంటే మరో తీర్మానం కావాలి, దాన్ని ఏ శాశ్వత సభ్యదేశమైనా వీటో చేయవచ్చు. లిబియాలో 2016వ నంబరు తీర్మానం 2011 అక్టోబరు 31తో అనుమతిని ముగించింది, అదీ గడాఫీ హతమయ్యాకే.

ఇప్పుడు పేరాను పనితో పోల్చండి. గడాఫీని గద్దె దించాలని 1973వ తీర్మానంలో ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ నేతలు ఒబామా, కామెరాన్, సర్కోజీ కలిసి రాసిన వ్యాసం మాత్రం, ఆయన అధికారంలో ఉండే లిబియా భవిష్యత్తును ఊహించలేమంది. మా లెక్కలో అనుమతి హద్దు దాటింది ఇక్కడే. ఆ అక్టోబరులోనే సిరియాపై ముసాయిదాను రష్యా, చైనా వీటో చేశాయి. లిబియా అనుభవాన్ని రష్యా సూటిగానే ఎత్తిచూపింది.

తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. ఇరాక్‌పై 2002 నాటి 1441వ తీర్మానంలో ఉన్నది ‘తీవ్ర పరిణామాలు’ అన్న హెచ్చరిక. ఇరాక్‌ను కువైట్ నుంచి వెళ్లగొట్టడానికి 1990లో ఇచ్చిన 678వ తీర్మానంలోలాగా అనుమతి మాట లేదు. 1999లో యుగోస్లావియాపై పాశ్చాత్య సైనిక కూటమి నాటో చేసిన 78 రోజుల బాంబు దాడులకు అసలు మండలి అనుమతే లేదు. అక్కడి కొసావోలో అంతర్జాతీయ బలగాలను అనుమతించిన 1244వ తీర్మానం వచ్చింది ఆ తర్వాత. ‘ఇది మా ఆంతరంగిక వ్యవహారం’ అనే వాదన వినిపిస్తే దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో సమితి జోక్యం చేసుకోకూడదనే 2(7) అధికరణ చూడండి. 1948లో నిజాం ఫిర్యాదుపై మండలిలో మన దేశం చెప్పిందీ దాదాపు ఇదే: హైదరాబాద్ స్వతంత్ర రాజ్యం కాదు, కాబట్టి ఇది అంతర్జాతీయ వివాదం కాదు.

అనుమతి పక్కాగా ఉన్నా యుద్ధంలో పాటించాల్సిన నియమాలైన జెనీవా ఒప్పందాల లెక్క విడిగా చూడాలి. పౌరుల మీద గురిపెట్టిన దాడిని ఏ తీర్మానమూ చట్టబద్ధం చేయదు.