పిల్లల బొమ్మల పుస్తకం మనమే చేద్దాం – 4వ భాగం: సిగ్గుని బొమ్మకి వదిలేయండి

పోయిన భాగంలో ఎనిమిది ఏ4 షీట్లు మధ్యకి మడిచి కుట్టినాం కదా, షీటుకి నాలుగు లెక్కన 32 పేజీల డమ్మీ, అంటే ఖాళీ నమూనా పుస్తకం, చేతికొచ్చింది. మొట్టమొదటి పేజీ నుంచే నంబర్లేసుకోని, ముందు పేజీలు టైటిల్‌కి, కాపీరైట్‌కి వదిలేయండి.

మన కథ తెలుసు కదా, కర్నూల్లో మూడో క్లాసు పిల్లోడు, పక్క బెంచీకి కొత్తగా వచ్చిన పాప అంటే వాడికి ప్రాణం, నోరు మాత్రం తెరవడు. చాలామంది ఏం రాస్తారంటే "వాడికి ఆ పాపంటే ఇష్టం కానీ సిగ్గు" అని రాసేస్తారు. కొట్టేయండి. ఇష్టం, సిగ్గు ఈ రెండు మాటలు పుస్తకం మొత్తంలో యాడా కనపడకూడదు.

ఇంటర్వెల్ పేజీ తీసుకుందాం. రాసేది ఒకటే లైను: "ఉడకబెట్టిన బుడ్డలు అందరం తిన్యాం." (బుడ్డలంటే వేరుశనక్కాయలు.) బొమ్మలో చూస్తే అందరి ముందు పొట్టు కుప్పలు, వీని ముందు మాత్రం ఏమీ లేదు, బల్ల కింద పిడికిట్లో మూడు పప్పుల కాయ ఒకటి దాచిపెట్టుకోని కిటికీలోంచి కొండారెడ్డి బురుజు దిక్కు చూస్తాంటాడు, చెవులేమో ఎర్రగా. అక్షరాలు రాని పిల్లలు బొమ్మనే గాలిస్తారు కాబట్టి ఆ కాయని మనకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు. హార్టు గుర్తులు గిర్తులు వద్దు, వాటికి సినిమాలున్నాయి.

ఇంక పేజీ తిప్పడం. ఒకటో పేజీ కుడిపక్క వస్తుంది కాబట్టి బేసి నంబర్లన్నీ కుడిపక్కే, ఊరించే మాట అక్కడ పెట్టాల. "వాడు లేచి పాప దగ్గరికి నడిచినాడు..." తిప్పితే, పాపని దాటుకోని కుళాయి దగ్గర నీళ్ళు తాగుతాంటాడు!

మధ్య మడతలో మొహాలు, చేతులు వేయొద్దు, బైండింగులో సగం పోతాయి. కానీ ఆ మడతనే వాళ్ళ మధ్య దూరంగా వాడుకోవచ్చు, వాడు ఎడమ పేజీ అంచులో, పాప కుడి పేజీ అంచులో, కథ నడిచేకొద్దీ ఇద్దరూ మడత దగ్గరికి జరుగుతుంటారు. పాపని ఊరికే బొమ్మలాగా కూర్చోబెట్టొద్దండీ, ఆ పిడికిలి దిక్కు ఒక ఓరచూపు ఇవ్వండి.

హోంవర్క్: ఇంటర్వెల్ పేజీ పెన్సిల్‌తో గీసి, రాసిన లైను చేత్తో మూసి ఇంట్లో చిన్నపిల్లలకి చూపించండి. "వాడెందుకు తినల్యా?" అని అడిగితే పాసు, అడగకపోతే పిడికిలి పెద్దది చేసి మళ్ళీ గీయండి. రంగులు ఇప్పుడే కొనొద్దు, అవి 5వ భాగంలో.